వదిన తలలో కాపరులు

నమోదు 611, సోమవారం

సొరంగంలో లైట్లు తెల్లబడగానే లేచి తొట్టి కడిగాను. గోరువెచ్చని ఉప్పునీళ్ళు పోసి, చిటికెడు గ్లూకోజు కలిపి, మూత బిగించి కాసేపు చూస్తూ కూర్చున్నాను. చూడటానికి ఏమీ ఉండదు, నీళ్ళు కాస్త మసకబారినట్టు కనిపిస్తాయి. ఆ మసకంతా నా కాపరులే. ఎర్ర రక్తకణం కన్నా చిన్న యంత్రాలు. మెడ దగ్గర సూదితో లోపలికి పంపితే మెదడుకు చేరి, అక్కడి సన్నసన్నటి రక్తనాళాల గోడల మీద పాకుతూ బతుకుతారు. షుగరు వల్ల గోడ గరుకెక్కిన చోట రుద్ది నున్నగా చేస్తారు, పలచబడిన చోట అతుకు వేస్తారు. యంత్రాలను పట్టుకుని వాళ్ళూ వీళ్ళూ అంటావేమిటని జనం నవ్వుతారు. రోజంతా చాకిరీ చేసేవాళ్ళను 'అవి' అనడానికి నాకు నోరు రాదు.

కిందూరులో షుగరు లేని ఇల్లు లేదు. నలభై దాటిన ప్రతి షుగరు మనిషి తలలోనూ నా కాపరులున్నారు. నేను ఈ పని పట్టిన తరువాత ఈ ఊళ్ళో ఒక్క తల కూడా పాడవలేదు. గొప్ప కోసం రాయడం లేదు. కాస్త గొప్ప కోసమే అనుకున్నా నాకేమీ అభ్యంతరం లేదు.

పది గంటలకు మా వదిన వచ్చింది. సుంకులమ్మ, మా అన్న భార్య. అన్న పోయినప్పటి నుంచి ఇద్దరం ఒకే ఇంట్లో ఉంటున్నాం. ఊరి ఎత్తుబండి నడిపేది ఆమే. కొండ కింద ఉన్న మమ్మల్ని పైనేలకు చేర్చే బండి అది. పైన ఎండలో అద్దాల చేను ఉంది, దాన్నుంచే ఊరికి కరెంటు. ఆ చేలో పనిచేసేవాళ్ళను పొద్దున ఎక్కించి, ఎండ ముదిరేలోపు దించుకు రావాలి.

కుర్చీలో కూర్చుంటూనే మొదలుపెట్టింది.

"ఏమే హంపీ, ఈ వారం నీ అంకె ఎంత?"

"నూట అరవై."

"మన ఇంటి పలక మీద నా తొంభై పక్కన నీ నూట అరవై చూసి, మీరు వదినా ఆడబిడ్డలా, తల్లీ కూతుర్లా అని అడుగుతాండారు జనం."

"కూతుర్ని నేనే కదా, వయసులో చిన్నదాన్ని."

"పెద్దంకె నీది. తల్లివి నువ్వే."

ఇట్లా ఉంటుంది ఆమె నోరు. మాట తడుముకోవడం నేను ఎన్నడూ చూడలేదు. ఇక పలక సంగతి. ప్రతి ఇంటి తలుపు పక్కనా ఒక పలక ఉంటుంది. ఇంట్లో ఒక్కొక్కరి చేతి కడియం కొలిచిన వారం సగటు షుగరు దాని మీద వెలుగుతుంది. మా అవ్వల కాలంలో షుగరు ముదిరి తలలు పోయి, సొంత గుమ్మం గుర్తుపట్టలేక సొరంగాల్లో తిరిగినవాళ్ళున్నారట. ఆ భయంతో పెట్టిన పలకలు. చిన్నంకె ఉన్న ఇంటికి మర్యాద ఎక్కువ. పిల్లనిచ్చేవాళ్ళు కూడా ముందు పలక చూస్తారు. దీపాల రోజున ఊరందరిలో చిన్నంకె ఎవరిదైతే వాళ్ళే మొదటి దీపం వెలిగించాలి. నాలుగేళ్ళుగా ఆ దీపం మా వదినదే.

ఆమె తలలోని కాపరులు పంపిన బొమ్మను తెర మీదికి తీశాను. ఎడమ వైపు లోతుగా ఒక ఎర్ర చుక్క ఉంది. ఊట అంటాం మేము. సన్ననాళం చిట్లి, ఆవగింజంత రక్తం బయటికి ఊరిన గుర్తు. మిగతావాళ్ళ తలల్లో అప్పుడప్పుడూ చూసేదే గానీ, తొంభై అంకె మనిషి తలలో చూస్తాననుకోలేదు. చుట్టూ ఉన్న గోడలకు అతుకులు వేయమని కాపరులకు చెప్పాను. వారంలో సరి చేస్తాను.

నమోదు 612, మళ్ళీ సోమవారం

సరి కాలేదు. రెండో చుక్క వచ్చింది.

వదిన రక్తపోటు చూశాను, బాగుంది. కొవ్వు చూశాను, బాగుంది. కడియం చెప్పే వారం సగటు ఎనభై తొమ్మిది. పాత కాపరులు అరిగిపోయారేమోనని తొట్టిలోని కొత్తవాళ్ళను ఎక్కించాను. మెడలో సూది దిగేటప్పుడు వదిన కళ్ళు కూడా మూయదు.

ఆ సాయంత్రం ఇంట్లో సంగటి కెలుకుతోంది. నేను ఉల్లిగడ్డలు కోస్తున్నాను.

"హంపీ, అది ఇట్లియ్యి."

"ఏది?"

"అదే... కెలికేది. ఆ కట్టె..."

తెడ్డు ఆమె చేతికి జానెడు దూరంలో ఉంది. చూస్తోంది గానీ పేరు రావడం లేదు.

"ముసలిదానివైపోతివి వదినా, ఇంక ఎత్తుబండి నాకిచ్చి మంచం ఎక్కు," అన్నాను.

ఆమె తెడ్డు తీసుకుని కెలకడం మొదలుపెట్టింది. నేను అన్న మాటకు ఆమె నుంచి సమాధానం రాకపోవడం ఇదే మొదలు. అన్నం సయించలేదు. వదిన నోరు నాకు చిన్నప్పటి నుంచీ భయం, ఇష్టం రెండూ. ఆ నోరు మూగబోతే ఈ ఇంట్లో నాకేం మిగులుతుంది?

భయపడితే పని జరగదు. ఇంకా నా దగ్గర చేయదగ్గవి చాలా ఉన్నాయి.

నమోదు 613, శుక్రవారం

వదిన కుడికాలు గడపకు తట్టుకుంది. పడలేదు, తలుపు పట్టుకుని నిలదొక్కుకుంది. వెంటనే బొమ్మ తీశాను. మూడో చుక్క.

మూడు తాజా చుక్కలుంటే ఎత్తుబండి తాళం చేతికివ్వకూడదని ఊరి కట్టుబాటు. రాసి, చౌడప్పన్నకు పంపాను. ఊరి పెద్ద ఆయనే, పలకలూ బండీ ఆయన చేతి కిందే ఉంటాయి. పంపిన గంటలో నా గదికి వచ్చేశాడు. వదిన అప్పటికే అక్కడ కూర్చుని నన్ను నమిలేసేలా చూస్తోంది.

"ఏమ్మా హంపమ్మా, తొంభై అంకె మనిషి తలలో ఊటలేంది? నీ కాపర్లు పని మాని పడుకున్నారేమో చూసుకో," అన్నాడు చౌడప్పన్న.

"కొత్తవాళ్ళను వేసినాను అన్నా. వాళ్ళు బాగనే ఉండారు."

"మరింక యాడుంది తప్పు?"

"అదే వెతుకుతాండా."

"నువ్వు వెతికేలోగా దీపాలొస్తాయి. ఊరందరికీ అంకెలో దారి చూపించే మనిషిని బండి దింపితే జనం ఏమనుకుంటారు? అంకె తగ్గించుకోని ఏం లాభమని వాళ్ళూ వదిలేస్తారు."

ఆ మాటలో నిజం ఉందని ఒప్పుకున్నాను. వదిన గొంతు తగ్గించి అంది: "హంపీ, ఆ బండి దిగితే నేనేం జేయాల? సంగటి కెలుకుతా కూచోవాల్నా?"

ఆమె నన్ను బతిమాలడం నాకు అస్సలు నచ్చలేదు. చివరికి ముగ్గురం ఒక మాటకు వచ్చాం. వారం పాటు బండి తోలే రెండో మనిషి వన్నూరప్ప తాళం పట్టుకుంటాడు, వదిన పక్కన కూర్చుని చెబుతుంది. నేను కూడా బండిలోనే ఉంటాను. తలలో ఏం జరుగుతోందో బొమ్మ తీసినప్పుడు కాకుండా జరుగుతుండగానే చూడాలి.

నమోదు 614, మంగళవారం

దొరికింది.

పొద్దున బండిలో ముగ్గురమే ఉన్నాం. అద్దాల చేనువాళ్ళను పైన దింపి వచ్చి, ఎండ ముదిరేలోపు వాళ్ళను తీసుకురావడానికి మళ్ళీ ఎక్కుతున్నాం. వదిన కాపరులను నా చేతి తెర మీద పెట్టుకుని చూస్తున్నాను. పచ్చచుక్కల్లా కనిపిస్తారు, కదులుతుంటే తెరంతా గింజలు ఆరబోసి కెలికినట్టుంటుంది.

సగం దారిలో పచ్చచుక్కలు నెమ్మదించాయి. కొంతసేపటికి ఒక్కటీ కదలడం లేదు. తెర పాడైందనుకుని నా తలలోని వాళ్ళను చూశాను, చకచకా తిరుగుతున్నారు. మళ్ళీ వదిన వైపు మళ్ళాను. ఆమె నుదుటి మీద చెమట పట్టి ఉంది. బండి లోపల చల్లగానే ఉంది.

"వదినా, ఎట్లుంది?"

"ఏముంది నాకు. నీ తెర నువ్వు చూసుకో," అంది. గొంతులో కసురు. చేయి వణుకుతోంది.

కడియం పట్టుకుని ఆ నిమిషం అంకె అడిగాను. కడియం సగటే చెబుతుంది, ఆ నిమిషం అంకె కావాలంటే గట్టిగా నొక్కి పట్టాలి. ఊళ్ళో ఎవరూ అలా నొక్కరు, పలకకు ఎక్కేది సగటే కదా. నలభై ఎనిమిది.

అప్పుడు అర్థమైంది నాకు. తొట్టిలో రోజూ చిటికెడు గ్లూకోజు నేనే వేస్తాను. కాపరులు తినేది కూడా రక్తంలోని చక్కెరనే. వదిన రక్తంలో వాళ్ళకు తిండి లేదు. ఆకలితో ఎక్కడివాళ్ళక్కడ గోడలు పట్టుకుని ఆగిపోయారు. మరోపక్క మెదడుకు కూడా అదే ఆకలి. ఎక్కడైనా నాలుగు మెతుకులు దొరుకుతాయేమోనని నాళాలన్నీ తెరిచి రక్తాన్ని ఒక్కసారిగా లాక్కుంటుంది. గుండె దడదడలాడుతుంది. పలచబడ్డ గోడల మీద ఆ వరద వచ్చి పడుతుంది, అతుకు వేసేవాడు ఒక్కడూ లేడు. చిట్లక ఏమవుతుంది?

"వన్నూరప్పా, బండి ఆపు," అన్నాను. ఆపాడు. సంచిలోంచి వేరుశనగలు, బెల్లంతో చుట్టిన చెనిక్కాయ ఉండ తీసి బెల్లం ఎక్కువున్న వైపు విరిచి వదిన నోటి దగ్గర పెట్టాను.

ఆమె పెదవులు బిగించింది.

"తిను వదినా."

తల అడ్డంగా ఊపింది. మళ్ళీ పెట్టబోతే నా చేయి తోసేసింది.

"ఎనిమిది దినాల్లో దీపాలు. ఇది తింటే నా అంకె ఏమైతాది?"

నాకు కోపం వచ్చింది, ఏడుపు వచ్చింది, రెండూ కలిసే వచ్చాయి. ఆమె ముక్కు మూసి, నోరు తెరిచినప్పుడు ఉండ ముక్క కుక్కాను. చిన్నప్పుడు నాకు ఆముదం పోసింది ఆమే, పద్ధతి ఆమె దగ్గరే నేర్చుకున్నాను. నమిలి మింగింది. మింగాక నన్ను తిట్టింది. తిట్లలో రెండు మాటలు తడబడ్డాయి. వన్నూరప్ప బండి గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

పావుగంటకు తెర మీద ఒక పచ్చచుక్క కదిలింది. తరువాత దాని పక్కది.

నమోదు 615, గురువారం

రెండు రోజులుగా ఊళ్ళో తలలన్నీ మళ్ళీ చూస్తున్నాను. అంకె నూట అరవై, నూట డెబ్బై ఉన్నవాళ్ళ తలల్లో ఊటలున్నాయి, పాతవి, గట్టిపడ్డవి. రెండు వందలు దాటినవాళ్ళ నాళాలు గరుకెక్కి ఉన్నాయి, వాళ్ళ కాపరులకు చేతినిండా పని. ఇవన్నీ ఎప్పుడూ తెలిసినవే. కానీ తాజా ఊటలు ఎక్కువ కనిపించింది అన్నిటికన్నా చిన్నంకెల ఇళ్ళలో. మర్యాద ఎక్కువున్న ఇళ్ళే అవి.

వాళ్ళు చేసేది అడిగి తెలుసుకున్నాను. మధ్యాహ్నం సంగటి మానేస్తారు. నడుముకున్న ఇన్సులిన్ పంపులో తిండికి ముందు నొక్కే మీట ఉంటుంది, తినకుండానే దాన్ని నొక్కుతారు. అంకె పడిపోయినప్పుడు వచ్చే వణుకును 'మంచి వణుకు' అంటారట. షుగరు ఒంట్లోంచి పారిపోతోందనడానికి గుర్తట. ఈ మాట ఇన్నాళ్ళూ నా చెవిన పడలేదు. నేను పెద్దంకెదాన్ని, నాతో ఎవరు చెబుతారు?

ఎక్కువ షుగరు వల్ల తలలు పోగొట్టుకున్న ఊరు మాది. తక్కువ కూడా తలను తినగలదని ఎవరి బుర్రకూ తట్టలేదు, ఎందుకంటే తక్కువను మేము మొక్కే స్థాయికి తీసుకుపోయాం.

చౌడప్పన్న దగ్గరికి వెళ్ళి చెప్పాను. బొమ్మలన్నీ చూపించాను. అంతా విని గడ్డం గోక్కున్నాడు.

"అంకె తగ్గితే జబ్బంటావా?"

"మరీ తగ్గితే జబ్బే. పెరిగితే జబ్బే. పైకీ కిందికీ ఊగితే ఇంకా పెద్ద జబ్బు. రెండు గీతల నడుమ ఉండాల అన్నా, డెబ్బై కింద పడకుండా, నూట ఎనభై దాటకుండా. పలక మీద సగటు తీసేసి, దినంలో ఎంతసేపు ఆ నడుమ ఉండారో అది చూపిద్దాం."

"సగటు తీసేస్తే జనం తిండి మీద పడతారు హంపమ్మా. మా అమ్మ ఎట్ల పోయిందో నేను చూసినా. నన్నే దొంగ అని తరిమింది. ఆ పలక నేను తీయను."

ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నేను వాదించలేదు. ఆయన భయం కూడా నా భయం లాంటిదే.

పలక ఆయన చేతిలో ఉంది గానీ పంపులు నా చేతిలో ఉన్నాయి. ఇంటికి వచ్చి వదిన పంపు మీటకు తాళం వేశాను. తినకుండా నొక్కితే ఇక పనిచేయదు. ఆమె గట్టిగా అరుస్తుందనుకున్నాను. నా వైపు చూడకుండా లోపలికి వెళ్ళి పడుకుంది.

నమోదు 616, ఆదివారం

మూడు రోజులుగా వదిన నాతో మాట్లాడలేదు. పలక మీద ఆమె అంకె నూట పద్దెనిమిదికి ఎక్కింది. దారిన పోయేవాళ్ళు ఆగి చూసి, నాలుక చప్పరించి పోతున్నారు. సుంకులమ్మ షుగరు చేయి దాటిపోయిందంట అని ఎవరో అనడం నేను విన్నాను. ఆమె కూడా విని ఉంటుంది. మొదటి దీపం వన్నూరప్పదట, అతని అంకె తొంభై నాలుగు.

ఈ మధ్యాహ్నం ఇక పట్టలేక పెద్ద తెర ఇంటికే మోసుకొచ్చాను. ఆమె మంచం పక్కన పెట్టాను.

"నాతో మాట్లాడొద్దు. దీన్ని చూడు."

బండిలో ఆ రోజు దాచిన బొమ్మ నడిపించాను. చెరువు ఎండినట్టు నిశ్చలంగా ఉన్న పచ్చచుక్కలు. గోడ మీద ఒక చోట ఎర్రగా ఉబ్బు. తరువాత చెనిక్కాయ ఉండ. ఒకడు కదిలాడు. పక్కవాడిని తగిలాడు. ఇద్దరూ కలిసి ఆ ఉబ్బు వైపు పాకారు. వెనక పదిమంది. చిట్లబోతున్న చోటికి సరిగ్గా చేరి ఒకరి మీద ఒకరు పడుకుని అడ్డం కట్టారు. ఉబ్బు నెమ్మదిగా తగ్గింది.

వదిన లేచి కూర్చుంది. మళ్ళీ నడిపించమన్నట్టు వేలు చూపించింది. నడిపించాను. మూడోసారి కూడా చూసింది.

"వీండ్లు నా తలకాయలోనే ఉండారా?"

"నీ తలకాయలోనే."

"ఇన్ని దినాలు వీండ్లను పస్తుపెట్టినానా నేను?"

ఆమె ఏడుస్తుందని నేననుకోలేదు. ఏడ్చింది. ఎత్తుబండి పోతుందన్నా ఏడవని మనిషి, కంటికి కనిపించని కూలివాళ్ళు ఆకలితో పడున్నారని ఏడ్చింది. ఇంటికి వచ్చినవాళ్ళకు పెట్టకుండా తిననిది ఆమె. నాకూ కళ్ళు చెమర్చాయి. తరువాత లేచి, కొలిచి ఒక ముద్ద సంగటి పెట్టుకుని, పప్పు వేసుకుని, మీట నొక్కి తింది. నన్ను కూడా పెట్టుకోమంది, ముద్ద చిన్నదిగా పెట్టుకోమని గుర్తు చేసింది. నా నూట అరవై కూడా ఆమె మరిచిపోలేదన్నమాట.

నమోదు 617, దీపాల రోజు

పొద్దున్నే వదిన మా గుమ్మం ముందు, సరిగ్గా పలక కింద పీట వేసుకుని కూర్చుంది. పలక మీద నూట ఇరవై రెండు వెలుగుతోంది. పక్కన పెద్ద తెర పెట్టించుకుంది. ఊరంతా దీపాల మండపానికి పోయే దారి మా గుమ్మం ముందు నుంచే.

జాలి పడటానికి ఆగినవాళ్ళను పోనివ్వలేదు. చేయి పట్టుకుని కడియం నొక్కిపట్టి ఆ నిమిషం అంకె చూసేది. "నీది యాభై ఐదు. నీ కాపర్లు నీ మొగునికంటే మేలు, తిండి లేకున్నా నిన్ను వదిలి పోలేదు. పో, ఆ బెల్లం ముక్క నోట్లో ఏసుకో," అంటూ. పెద్దంకెవాళ్ళను కూడా వదల్లేదు. "రెండొందల పదా. అట్లయితే మండపం దాకా గాదు, ఊరి చుట్టూ నడిచిరా." అక్కడక్కడా ఒక మాట కోసం ఆగింది. ఆగినప్పుడు దాచుకోలేదు, "ఇగో, ఈ మాట యాడో పోయింది, పస్తు పెట్టినందుకు," అని తన తల తనే చూపించింది. నవ్వడానికి వచ్చినవాళ్ళు తెర ముందు నేల మీద కూర్చుండిపోయారు.

వన్నూరప్ప దీపం వెలిగించడానికి కొత్త పంచె కట్టుకుని వచ్చాడు. వదిన అతని కడియం నొక్కింది. యాభై ఒకటి. అతను "నాకు కూడా కండ్లు మసకలు కమ్ముతాండాయి అక్కా, చెప్పుకోడానికి నామోషీ అయింది. రేపు బండి తోలాల్సింది నేనే," అన్నాడు. ఆమె పక్కనే గడప మీద కూర్చుని ఉండ తిన్నాడు.

దీపానికి మనిషి రావడం లేదని చౌడప్పన్నే వెతుక్కుంటూ వచ్చాడు. మా గుమ్మం ముందు ఊరు సగం కూర్చుని ఉంది. ఆయన తన చేయి వదినకు ఇచ్చాడు. ఆయన అంకె బయటపెట్టడానికి మాకు సెలవు లేదు గనుక రాయడం లేదు. వదిన బెల్లం ముక్క ఆయన చేతిలో పెట్టింది. నోట్లో వేసుకుని, కళ్ళు తుడుచుకుని, "రెండు గీతలు అంటివి గదా హంపమ్మా, యాడ గీయాల్నో వచ్చి చూపించు," అన్నాడు.

నమోదు 640, బుధవారం

చాలా రోజుల తరువాత తీరిగ్గా రాస్తున్నాను. పలకలు మారాయి. సగటు పోయింది, రెండు గీతల నడుమ ఉన్న సేపు కనిపిస్తుంది. కింది గీత దాటితే కడియం మోగుతుంది, కాపరులకు తిండి పెట్టమని ఊళ్ళో వాళ్ళు ఒకరినొకరు కేకేసుకుంటారు. చిన్నంకెల ఇళ్ళలో తాజా ఊటలు ఆగిపోయాయి. పెద్దంకెలు కూడా దిగుతున్నాయి, ఊగిసలాట తగ్గితే అవి కూడా దారికి వస్తాయని నాకు ముందే తెలుసు. కడియంలో నా సగటు ఇప్పుడు నూట ముప్పై ఐదు. వదిన తలలో కొత్త చుక్క లేదు, పాతవి గట్టిపడ్డాయి, కాలు తట్టుకోవడం లేదు. రేపటి నుంచి తాళం మళ్ళీ ఆమె చేతికి ఇస్తున్నాం, పక్కన వన్నూరప్ప ఉంటాడు. ఈ ఊళ్ళో ఇక ఒక్క తలను కూడా పోనివ్వను. అనుకోవడం కాదు, నాకు చేతనవును.

ఈ సాయంత్రం వదిన తలుపు మూసి వచ్చి నా ఎదురుగా కూర్చుంది.

"ఒకటి అడుగుతా హంపీ. నగొద్దు."

"అడుగు."

"మీ అన్న పేరేంది?"

వేళాకోళం అనుకుని నవ్వబోయాను. ఆమె ముఖం చూసి ఆగాను.

"ఎప్పుడు పోయిందో నాకే తెల్దు. నోటితో అనే పేరు కాదు గదా. బండి తాళం రేపిస్తామంటివే, ఆయప్పకు మనసులో చెప్పుకుందామని కూచుంటే పేరు రాలే. మొగం ఉంది. నడక ఉంది. నన్ను పిలిచిన పిలుపుంది. పేరొక్కటే ల్యా."

మా వదిన కాలంవాళ్ళు మొగుని పేరు నోటితో పలకరు. ముప్పై ఏళ్ళ కాపురంలో ఆమె 'మీ అన్న' అనేది, 'ఆయప్ప' అనేది. ఎన్నడూ అనని పేరు పోతే ఎవరికి తెలుస్తుంది? నా పరీక్షల్లో తెడ్డు పేరు అడుగుతాను, గడప పేరు అడుగుతాను. ఆ ఒక్కటి నేను అడిగి ఉండను, ఆమె చెప్పి ఉండదు.

"గవియప్ప," అన్నాను.

"గవియప్ప," అన్నట్టు ఆమె పెదవులు కదిలాయి. శబ్దం రాలేదు.

తెర తెచ్చి చూపించాను. ఎడమ వైపు లోతులో ఆ మొదటి చుక్క. అది పాత ఊట, గట్టిపడింది. అక్కడి దారి మళ్ళీ తెరుచుకోదని దాచకుండా చెప్పాను. కానీ చుట్టూ నాళాలు బాగున్నాయి, కాపరులు కడుపునిండా తిని పనిలో ఉన్నారు. పక్కనుంచి కొత్త దారి పడుతుంది. నడిస్తేనే పడుతుంది.

"నడవడమంటే?"

"ఆ పేరు అనాల. దినామూ. మనసులో గాదు, నోటితో, చెవికి ఇనపడేట్టు."

"మొగుని పేరా? నోటితోనా?"

"నోటితోనే వదినా."

ఆమె మూసిన తలుపు వైపు చూసింది. పైట సర్దుకుంది. గుసగుసగా ఒకసారి అంది. సిగ్గుపడింది. ఇంకోసారి అంది.

నమోదు 641, గురువారం

పొద్దున ఎత్తుబండి కదిలేటప్పుడు నేను కిందే నిలబడి ఉన్నాను. అద్దాల చేనువాళ్ళు బండినిండా ఉన్నారు. మా వదిన తాళం తిప్పి, అందరూ వింటుండగా, మా అన్నను పేరు పెట్టి పిలిచింది.